రౌతు కొద్దీ గుర్రం

"రౌతు కొద్దీ గుర్రం" అన్న సామెత పుట్టిననాటికి మోటారుసైకిలు లేదు. అయినా ఈనాడు ఆ మాట గుర్రానికంటె మోటారుసైకిలుకే ఎక్కువగా చెల్లుతున్నది. గుర్రానికి కొంత సొంత బుద్ధి ఉన్నది. గోతిని చూచి తానే ఆగుతుంది. రౌతు కునికితే నడక నెమ్మది చేస్తుంది. ఇనుప గుర్రానికి ఆ వివేకం లేదు. నడిపేవాడు మెలకువగా ఉంటే అదీ మెలకువగా ఉన్నట్లు; వాడు కన్ను మూస్తే అదీ మూసినట్లే.

కుర్రవాని చేతికి బండి వచ్చి నెల తిరగకముందే మనస్సు ఊరి పొలిమేర దాటుతుంది. ఒకడు లదాఖు అంటాడు, ఒకడు గోవా అంటాడు, మరొకడు కన్యాకుమారి అంటాడు. వీటిలో కన్యాకుమారి కోరిక సబబైనది. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని కర్నూలు, అనంతపురం, బెంగుళూరు, సేలం, మదురై మీదుగా దక్షిణపు కొసకు సుమారు 1,250 కిలోమీటర్లు. ఊపిరాడని కనుమలు లేవు, మంచు లేదు. రెండు మూడు గంటలకొక పట్టణం తగులుతుంది. అట్లని అది పిల్లల ఆటా కాదు. ఎండ, గాలి, ఘాటు, లారీలు, నిద్ర, ఇన్నిటినీ ఒకే దారిలో చూపిస్తుంది. కొత్తవానికి పాఠం చెప్పటానికి అంతకంటె తగిన బడి దొరకదు.

అయితే బడికి పోయేముందు ఓనమాలు రావలసి ఉన్నది. కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలమీద పోతున్నవారే. హెల్మెట్టు లేకుండా మరణించినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఈ రెండవ అంకె ఉపాధ్యాయులు తరగతిలో ఒకసారి బల్లమీద వ్రాయదగినది. తాను హెల్మెట్టు పెట్టుకొని, వెనుక కన్నతల్లిని వట్టితలతో కూర్చోబెట్టుకొని పోయే కొడుకులు మన ఊళ్ళలో కొల్లలు.

ప్రయాణానికి సిద్ధమవుతున్నానని చెప్పే కుర్రవాణ్ణి ఏమి చేశావని అడిగితే కొన్న వస్తువుల పట్టీ చదువుతాడు. తోలు చొక్కా, చేతి తొడుగులు, బండికి రెండుప్రక్కలా సంచులు, పగటిని మించిన దీపాలు. వీటిలో కొన్ని అవసరమే. కాని దుకాణంలో దొరకని సరంజామా మరొకటి ఉన్నది. కన్ను, చేయి, నడుము అనే మూడింటికి తగిన శిక్షణ అది. దానికి కావలసినది డబ్బు కాదు, మూడు నాలుగు నెలల కాలం.

1973లో టెడ్ సైమన్ అనే లండను పత్రికారచయిత మోటారుసైకిలుపై ప్రపంచం చుట్టి రావాలని నిశ్చయించుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు నలభైకి పైబడింది. మోటారుసైకిలు నడపటానికి లైసెన్సు కూడా లేదు. నిర్ణయం ముందు, నేర్చుకోవటం తరువాత. ఆ సంవత్సరం అక్టోబరు 6న 500 సి.సి. ట్రయంఫ్ బండిమీద బయలుదేరి నాలుగేళ్ళు తిరిగినాడు, మనదేశమూ చూచినాడు. 1979లో ఆ యాత్రను పుస్తకంగా వెలువరించినాడు. ఈ కథ విని కొత్తవారు "ఆయన ఏమీ రాకుండానే వెళ్ళలేదా?" అంటారు. రాకుండా నిశ్చయించుకొన్నాడు గాని రాకుండా వెళ్ళలేదు. లైసెన్సు సంపాదించిన తరువాతనే కదలినాడు. పైగా నాలుగేళ్ళ వ్యవధి పెట్టుకొన్నవానికి తొందర లేదు. మన కుర్రవానికి ఉన్నది నాలుగురోజుల సెలవు. ప్రమాదం దూరంలో కంటె తొందరలోనే ఎక్కువగా ఉన్నది.

లైసెన్సు సంగతి క్లుప్తంగా చెప్పి ముగించవచ్చు. గేర్లున్న బండికి 18 ఏళ్ళు నిండాలి. నేర్చుకొనేవారి లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. దానిమీద ముప్పై రోజులు గడిచిన తరువాతనే పక్కా లైసెన్సుకు పరీక్ష. ఈ ముప్పై రోజులను ఆఫీసువారి ఆలస్యంగా భావించేవారు ఉన్నారు. అది సాధనకు ఇచ్చిన గడువు.

సాధనలో మొదటిది ఆగటం. పోవటం ఎవరికైనా వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. ఎదుట గేదె కనబడి, మనస్సుకు తోచి, చేయి బ్రేకుమీదికి పోయేసరికి ఒక సెకను. పొడిరోడ్డుమీద చేయి తిరిగినవాడు గట్టిగా బ్రేకు పట్టితే ఆగటానికి మరి 20 మీటర్లు. మొత్తం 37. అదే 80 వేగంలో మొదటి సెకనుకే 22 మీటర్లు, ఆగటానికి సుమారు 36, మొత్తం 58. వేగం మూడోవంతు పెరిగితే ఆగే దూరం సగానికి పైగా పెరిగినది. వేగం వర్గాన్ని అనుసరించి శక్తి పెరుగుతుందని తొమ్మిదో తరగతి పుస్తకంలో చదివినవాడే రోడ్డుమీద దానిని మరచిపోతాడు. వానలో ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి.

ముందు బ్రేకు పట్టితే బోర్లా పడతామన్న భయం మన పల్లెల్లో సైకిలు రోజులనుంచి ఉన్నది. అందుచేత కొత్తవాడు కాలి బ్రేకునే తొక్కుతాడు. వెనుక చక్రం బిగుసుకొని ప్రక్కకు జారుతుంది. బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది గనుక ఆపే బలంలో పెద్దభాగం ముందు చక్రానిదే. దానిని ఒక్కసారిగా గుంజటం తప్పు. నిమ్మకాయ పిండినట్లు క్రమంగా బిగించి, వెనుక బ్రేకునూ తోడు చేయాలి. ఆదివారం ఉదయం ఖాళీగా ఉన్న బడి మైదానంలో ఇరవైసార్లు చేస్తే వస్తుంది. అవసరం పడ్డనాడు రోడ్డుమీద నేర్చుకొందామంటే రాదు.

రెండవది చూపు. చూపు పోయిన చోటికే చక్రం పోతుంది. గోతిని కన్నార్పకుండా చూస్తూ తప్పించుకోబోయేవాడు దానిలోనే పడతాడు. గోతి ప్రక్కనున్న మంచి దారిని చూచినవాడు దాటిపోతాడు. మలుపులోనూ ఇదే సూత్రం. మలుపుకు ముందే వేగం తగ్గించుకొని, ముఖం మలుపు చివరికి త్రిప్పాలి. మలుపులో దిగిన తరువాత బెదరి బ్రేకు పట్టటంవల్ల పడినవారు ఎందరో.

ఇక నడుముకు శిక్షణ. రెండు గంటలు కదలకుండా కూర్చోలేనివాడు రోజుకు ఏడు గంటలు కూర్చోలేడు. దూరాన్ని మెట్లుమెట్లుగా పెంచుకోవాలి. హైదరాబాదువానికి ఈ విషయంలో అదృష్టం ఉన్నది. మొదట భువనగిరి, పోయిరావటానికి నూరు కిలోమీటర్లు. తరువాత మెదకు. ఆ పిమ్మట నాగార్జునసాగరు, ఒక రాత్రి మకాంతో. చివరకు శ్రీశైలం. ఆ దారిలో అడవి ఉన్నది, ఘాటు ఉన్నది. రాత్రివేళ అడవిదారిని మూసివేస్తారు గనుక వేళ చూచుకొని నడుచుకొనే అలవాటు కూడా పడుతుంది. శ్రీశైలం పోయివచ్చి మర్నాడు నడుము పట్టకుండా పనికి పోగలిగినవాడు కన్యాకుమారి మాట ఎత్తవచ్చు. ఈ మెట్లు ఎక్కేలోపల ఏ సంచి అక్కరకు వచ్చింది, ఏది వట్టి బరువు అన్నదీ తెలిసిపోతుంది.

కొత్త బండి అయితే మొదటి సర్వీసింగు ముగిసేవరకు దూరం తీసుకుపోరాదు. చైను బిగువు, టైర్ల అరుగుదల, బ్రేకు లైనింగు, క్లచ్చి వైరు, దీపాలు, ఇంజనాయిలు, వీటిని ప్రయాణానికి వారం పదిరోజుల ముందు చూపించుకోవాలి. బయలుదేరే ముందురోజు మెకానిక్కు చేతికి ఇవ్వరాదు. విప్పి బిగించినది కొంచెం నడచి చూస్తేగాని సరిగా కుదిరినదో లేదో తెలియదు. టైరుగాలిని ఉదయం బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. సామాను బరువునుబట్టి వెనుక చక్రానికి ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి, ప్రక్కింటివాణ్ణి అడిగేవారే ఎక్కువ. పుల్లల చక్రాల బండ్లలో చాలావాటికి లోపల ట్యూబు ఉంటుంది. పంక్చరయితే చక్రం ఊడదీయక తప్పదు. ఇంటివద్ద ఒకసారి ఆ పని చేసి చూచినవాడు గుత్తి దాటిన తరువాత ఎండలో నిలబడి దిక్కులు చూడడు.

సామానుగూర్చి ఆలోచించినప్పుడు ఏనుగుల వీరాస్వామి తలపుకు వస్తాడు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం, పల్లకీలు, డేరాలు ఉన్నవి. అంతటి హంగు ఉండికూడా ఆయన తన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి గమనించి వ్రాసినవి చిన్న సంగతులు: నీరు ఉన్నదా, అంగళ్ళు ఉన్నవా, దారి ఇసుకా రాయా. నూరుమంది బోయీలు లేని కుర్రవానికి ఆ సంగతులే మరీ ముఖ్యం. బండిమీద పది పన్నెండు కిలోలకు మించిన సామాను కొత్తవానికి భారమే. బరువైనది క్రిందుగా, మనిషికి దగ్గరగా ఉండాలి. సీటు చివర ఎత్తుగా కట్టిన మూట మలుపులో బండిని తనవైపు లాగుతుంది. రెండు జతల బట్టలు, వానకోటు, నీరు, మందులు, పనిముట్లు, కాగితాలు. అంతే చాలు.

వీరాస్వామివలె మజిలీలు కూడా ముందే వేసుకోవాలి. హైదరాబాదు బాహ్యవలయ రహదారిమీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు; ఊరు దాటే దారి ఆలోచన దానితోనే మొదలవుతుంది. మొదటిరాత్రి కర్నూలులో ఆగితే 215 కిలోమీటర్లే. తక్కువగా తోస్తుంది, తోచనీ. మొదటిరోజు ఉత్సాహం రెండవరోజు నడుము తీరుస్తుంది. రెండవరాత్రికి లేపాక్షి, పెద్దరోడ్డు విడిచి కొంచెం లోపలికి పోతే ఏకశిలా నంది దర్శనం అదనపు లాభం. అటుపై కృష్ణగిరి, కరూరు, మదురై. ఆరవరోజు సాయంకాలానికి సముద్రం. మూడురోజుల్లో పోయివచ్చినామని చెప్పుకొనేవారు ఉంటారు. వారు చూచినది లారీల వెనుకభాగమే.

ధర్మపురి, సేలముల మధ్య తొప్పూరు ఘాటు ఉన్నది. దిగుడులో లారీల బ్రేకులు వేడెక్కి పట్టు తప్పటంవల్ల అక్కడ ఘోరాలు జరిగినవి. కొత్తవాడు తక్కువ గేరులో, ఇంజను పట్టుతో దిగాలి. వెనుకనుంచి వచ్చే బరువుబండికి దారి ఇచ్చి తప్పుకోవాలి. తిరునల్వేలి దాటి పణగుడి చేరేసరికి గాలిమరలు అడవివలె నిలబడి ఉంటాయి. అన్ని మరలను అక్కడ ఎందుకు పాతినారో బండిమీద ఉన్నవానికి వెంటనే అర్థమవుతుంది. నైరుతి ఋతుపవనం కనుమగుండా దూసుకువచ్చే మే నుంచి సెప్టెంబరువరకు ప్రక్కగాలి బండిని ఒక మూరెడు జరుపుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరువరకు తమిళదేశంలో ఈశాన్యపు వానలు. మిగిలినది జనవరి, ఫిబ్రవరి. సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాత బయలుదేరటం మేలు.

తెలుగునేలమీద మరొక ప్రమాదం ఉన్నది. అది ఏ పటంలోనూ కనబడదు. కోతలకాలంలో రైతులు రోడ్డు ప్రక్క మార్గంమీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు పేర్చుతారు. రాత్రివేళ ఆ రాళ్ళు కనబడవు. గింజలమీద చక్రం నిలువదు. కల్లం లేని రైతును నిందించి లాభం లేదు. చీకటి పడేలోపల మజిలీ చేరటమే ఉపాయం. వెనుక దీపం లేకుండా నిలిపిన లారీల బెడద కూడా దానితోనే తప్పుతుంది.

మధ్యాహ్నం భోజనం తరువాత వచ్చే కునుకు ఆ లారీలకంటె ప్రమాదకరమైనది. అన్నం తగ్గించాలి, గంటన్నరకొకసారి దిగి నాలుగడుగులు నడవాలి, కన్ను బరువెక్కితే చెట్టుక్రింద ఇరవై నిమిషాలు పడుకోవాలి. టీ త్రాగి ముఖం కడుగుకొని సాగిపోవటం నిద్రను వాయిదా వేయటమే గాని తీర్చుకోవటం కాదు. దాహం వేసేదాకా నీరు త్రాగనివాడు ఎదురుగాలిలో తెలియకుండానే సోలిపోతాడు. ఇంటిలో ఒకరికి ప్రతిరాత్రి చేరిన ఊరిపేరు చెప్పే ఏర్పాటు ఉండాలి. 112, 108, జాతీయ రహదారివారి 1033, ఈ మూడు అంకెలు కాగితంమీద వ్రాసి జేబులో ఉంచుకోవాలి. ఫోను పగిలినా కాగితం పగలదు.

సిద్ధపడేవారందరూ పోవటానికే సిద్ధపడతారు. తిరుగుదారి ఒకటి ఉన్నదన్న సంగతి కన్యాకుమారిలో సూర్యోదయం చూచిన తరువాత జ్ఞాపకం వస్తుంది. మరల అంతే దూరం, అదే ఎండ. సెలవులు మాత్రం అయిపోతుంటాయి. సెలవు తక్కువైనా, ఒళ్ళు బాగులేకున్నా బండిని రైలులో పార్సిలుగా పంపి, మనిషి వేరే పెట్టెలో కూర్చొని రావచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు. రిజిస్ట్రేషను కాగితం నకలు, గుర్తింపుకార్డు చూపాలి; ట్యాంకులో పెట్రోలు చుక్క మిగలకుండా తీసివేయాలి; అద్దాలు విప్పి, దీపాలకు, ట్యాంకుకు గడ్డి, గోనె చుట్టించి కట్టించాలి. స్టేషను దగ్గర ఆ పని చేసే కూలీలు ఉంటారు. దానికయ్యే ఖర్చును కూడా ఇంటినుంచి బయలుదేరేనాడే విడిగా తీసి పెట్టుకోవాలి.