అమ్మ కువైట్‌లో... పసివాడు అమ్మమ్మ ఒడిలో
* తల్లీబిడ్డల మధ్య వీసా నిబంధనల గోడ
* ప్రయాణానికి ముందే జాగ్రత్తపడితే కొంత మేలు

ఉప్పలగుప్తం: పొట్టకూటి కోసం తల్లి సముద్రాలు దాటితే, పాలుమరచిన బిడ్డ అమ్మమ్మ చేతి ముద్దతో పెరుగుతున్నాడు. ఉప్పలగుప్తం మండలంలోనే కాదు, కోనసీమలోని అనేక పల్లెల్లో కనిపించే దృశ్యమిది. సెల్‌ఫోన్ తెరపై కనిపించే ముఖమే అమ్మ అని ఎరిగిన చిన్నారులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. పిల్లలను వెంట తీసుకువెళ్లవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. ఆ దారి ఎందుకు మూసుకుపోయిందో తెలియాలంటే అక్కడి వీసా విధానాన్ని పరిశీలించాలి.

గల్ఫ్ బాట ఎందుకు?

కోనసీమ బతుకుకు కొబ్బరి, వరి, ఆక్వా ఆధారం. సెంటు భూమి లేని కుటుంబాలకు కూలి పనులే దిక్కు. అవీ ఏడాది పొడవునా ఉండవు. 1996 నవంబరు 6న విరుచుకుపడిన పెనుతుపాను కొబ్బరి తోటలను నేలకూల్చింది. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. తోటలనే నమ్ముకున్న కూలీలకు అంతకాలం ఎదురుచూసే స్తోమత ఎక్కడిది? ఇల్లు కట్టుకోవాలన్నా, ఆడపిల్ల పెళ్లి చేయాలన్నా, అప్పు తీర్చాలన్నా కువైట్, ఒమన్, బహ్రెయిన్, ఖతర్‌లలో ఇంటిపనే పలువురు మహిళలకు మార్గమైంది.

నిబంధనలు ఏమంటున్నాయి?

విదేశాలకు వెళ్లేవారందరికీ ఒకే న్యాయం వర్తించదు. ఉద్యోగం కోసం చైనా వెళ్లి స్థిరపడిన విదేశీయుల జీవిత భాగస్వామికి, 18 ఏళ్లలోపు పిల్లలకు అక్కడి ప్రభుత్వం ఎస్-1 వీసా మంజూరు చేస్తుంది. అందువల్ల షాంఘై వంటి నగరాలకు వెళ్లే ఇంజినీర్లు పిల్లాపాపలతో కాపురం పెట్టగలుగుతారు. కువైట్‌లో ఇంటిపనివారికి ఇచ్చేది 20వ అధికరణం కింద నివాస అనుమతి. పనిమనిషి యజమాని ఇంట్లోనే ఉండాలి. కుటుంబాన్ని రప్పించుకునే వీలు లేదు. ఇతర ఉద్యోగులు కుటుంబ వీసా పొందాలన్నా నెల జీతం కనీసం 800 దినార్లు ఉండాలని 2024లో నిర్దేశించారు. ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస వేతనం 60 దినార్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరమే తల్లీబిడ్డల మధ్య దూరం.

గడియారమూ అడ్డే

కువైట్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి 9 గంటలకు పిల్లలు నిద్రకు ఉపక్రమించే వేళ అక్కడ సాయంత్రం ఆరున్నర. యజమాని ఇంట వంట పనులు ముమ్మరంగా సాగే సమయమది. ఇక్కడ బడికి సెలవు ఆదివారమైతే, అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. తల్లికి తీరిక చిక్కే సరికి బిడ్డ నిద్రపోతాడు. సాధారణంగా ఒప్పందం రెండేళ్లు ఉంటుంది. ఏడాది బిడ్డను వదిలి వెళ్లిన తల్లి తిరిగి వచ్చే సరికి ఆ బిడ్డకు మూడేళ్లు నిండుతాయి. ఎత్తుకోబోతే అమ్మమ్మ కొంగు చాటుకు చేరడం బిడ్డ తప్పు కాదు. పెంచిన చేతులే ఆ వయసుకు తెలుసు.

దొంగదారిలో వెళితే...

పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులకు గల్ఫ్ దేశాలకు వెళ్లేందుకు వలస అనుమతి తప్పనిసరి. ఈ కోవలో ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ఇటువంటి నియామకాలను ప్రభుత్వ రంగ సంస్థలకే పరిమితం చేశారు. పసిపిల్లల తల్లుల్లో ఎక్కువమంది 30 ఏళ్లలోపు వారే. కొందరు దళారులు ఇక్కడే ఆశ చూపుతారు. సందర్శక వీసాపై పంపిస్తారు. గడువు తీరాక ఆమె అక్కడ అక్రమ నివాసిగా మిగులుతుంది. జరిమానా కట్టలేక, స్వదేశానికి రాలేక ఏళ్లు గడుస్తాయి. కువైట్ ప్రభుత్వం 2018, 2020, 2024 సంవత్సరాల్లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మాత్రమే ఇటువంటివారిలో చాలామందికి ఇంటిదారి దొరికింది.

తెలుసుకోవలసిన హక్కులు

కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివారి చేత రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికి ఒకరోజు విశ్రాంతి, ఏటా వేతనంతో సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోకూడదు. వారపు సెలవు దక్కితేనే బిడ్డతో తీరిగ్గా మాట్లాడే అవకాశం ఉంటుంది. కాబట్టి ఒప్పంద పత్రంలో ఈ అంశాలను చూసుకున్నాకే సంతకం చేయాలి.

బయలుదేరే ముందు

* బిడ్డ జనన ధ్రువపత్రం, ఆధార్ సిద్ధం చేసి పెంచేవారికి అప్పగించాలి. ఐదేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు నమోదు చేయించాలని వారికి చెప్పాలి.
* టీకాల కార్డును ఏఎన్ఎంకు చూపించి, మిగిలిన టీకాల తేదీలు రాయించుకోవాలి. మూడేళ్లు నిండిన బిడ్డను అంగన్‌వాడీలో చేర్పించాలి.
* ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియం చెల్లిస్తే, ప్రమాదవశాత్తు మరణం సంభవించినప్పుడు కుటుంబానికి రూ.10 లక్షలు అందుతాయి.
* పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రాల నకళ్లు, యజమాని చిరునామా ఇంట్లో ఉంచాలి. ఆపదవేళ విదేశాంగ శాఖ వారి 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలంటే ఇవే ఆధారం.
* వెళ్లదలచిన సంస్థకు గుర్తింపు ఉందో లేదో, అప్పు చేసి దళారి చేతిలో డబ్బు పెట్టకముందే 'ఈ-మైగ్రేట్' పోర్టల్‌లో సరిచూసుకోవాలి.