కళ్లు మూసుకున్న అయిదు వారాలు

1962 అక్టోబర్ 16, మంగళవారం. ఉదయం తొమ్మిది కూడా కాలేదు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ పైజామాలోనే పడకగదిలో కూర్చుని పేపర్లు తిరగేస్తున్నాడు. జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీ వచ్చి, క్యూబాలో సోవియట్ క్షిపణులు ఉన్నట్టు ఫొటోలు దొరికాయని చెప్పాడు. బండీకి ఆ సంగతి ముందురోజు రాత్రే తెలుసు. ఎన్నికల ప్రచారంలో తిరిగి అలిసిన మనిషిని లేపినా ఆ రాత్రికి చేయగలిగేది లేదు. పైగా అర్ధరాత్రి అధికారులంతా పరుగులు పెడితే విలేకరులు పసిగట్టేస్తారు. అందుకని తెల్లారనిచ్చాడు.

ఆ తర్వాతి పదమూడు రోజుల కథ పుస్తకాలకూ సినిమాలకూ ఎక్కింది. అంతకుముందు అయిదు వారాల సంగతే తక్కువమంది చెబుతారు.

ఆ ఆగస్టులో యూ-2 గూఢచారి విమానం క్యూబా మీద తీసిన ఫొటోల్లో విమానాలను కూల్చే క్షిపణులు కనిపించాయి. సీఐఏ డైరెక్టర్ జాన్ మెకోన్ వెంటనే అనుమానపడ్డాడు: దాచాల్సిందేదీ లేకపోతే ఇంత కాపలా ఎందుకు? ఆయన కింద పనిచేసే విశ్లేషకులే ఒప్పుకోలేదు. సోవియట్లు తమ అణు క్షిపణులను ఏనాడూ పరాయి గడ్డమీద ఇలా పెట్టలేదు కాబట్టి ఇప్పుడూ పెట్టకపోవచ్చని సెప్టెంబర్ 19న అంచనా పత్రం రాసిచ్చారు. మెకోన్ అప్పుడు కొత్త భార్యతో ఫ్రాన్స్‌లో ఉన్నాడు. అక్కడినుంచే టెలిగ్రాం మీద టెలిగ్రాం కొట్టాడు. ఆ పత్రానికి బాధ్యుడైన షెర్మన్ కెంట్ మాత్రం తర్వాత కూడా తగ్గలేదు. లెక్క తప్పింది తమది కాదు, సోవియట్ నేత ఖ్రుశ్చెవ్‌దేనని వాదించాడు. గడుసు సమర్థనే!

తప్పంతా గూఢచారులమీదికి నెట్టడం మాత్రం అన్యాయం. ఆగస్టు 30న ఒక యూ-2 దారితప్పి సోవియట్ సఖాలిన్ మీదికి వెళ్లింది. సెప్టెంబర్ 9న తైవాన్ నడిపే మరో యూ-2 చైనాలో కూలింది. ఇంకొకటి పోతే ప్రపంచం ముందు తలవంపులని విదేశాంగ మంత్రి డీన్ రస్క్ బెదిరాడు. మరునాడు బండీ గదిలో జరిగిన సమావేశం తర్వాత విమానాలు తీరం అంచునో, ద్వీపాన్ని అడ్డంగా దాటేస్తూనో మాత్రమే ఎగిరాయి. వాతావరణమూ కలిసిరాలేదు. అక్టోబర్ 14న మేజర్ రిచర్డ్ హేజర్ పశ్చిమ క్యూబా మీదుగా కొన్ని నిమిషాలు ఎగిరి 928 ఫొటోలు తెచ్చేదాకా అక్కడ ఏం లేస్తోందో వాషింగ్టన్‌కు కనిపించలేదు. చూడొద్దన్నదీ వైట్‌హౌసే, ఎందుకు చూడలేదని అడగాల్సిందీ వైట్‌హౌసే.

ఫొటోలు వచ్చాక కెనెడీ మొదటి మొగ్గు వైమానిక దాడివైపే. అయితే 1961 ఏప్రిల్‌లో క్యూబాలోని బే ఆఫ్ పిగ్స్ దగ్గర జరిపించిన దాడిలో సీఐఏ ధీమాను నమ్మి పరువు పోగొట్టుకున్నవాడు. ఈసారి సలహాదారులను రోజుల తరబడి వాదించుకోనిచ్చాడు. సోవియట్ కల్నల్ ఒలెగ్ పెన్‌కోవ్‌స్కీ రహస్యంగా చేరవేసిన క్షిపణి మాన్యువళ్లు, అవి ఎప్పటికి సిద్ధమవుతాయో లెక్కగట్టడానికి పనికొచ్చాయి. అక్టోబర్ 21న వైమానిక దాడి నడిపించాల్సిన జనరల్ వాల్టర్ స్వీనీ ఒక్క మాట చెప్పాడు: తెలిసిన క్షిపణుల్లోనైనా తొంభై శాతానికి మించి ధ్వంసం చేస్తానని హామీ ఇవ్వలేను. మిగిలిన పదిశాతం ఏ నగరంమీద పడుతుందో ఎవరు చెప్పాలి? మరునాడు కెనెడీ టీవీలో నౌకా దిగ్బంధం ప్రకటించాడు.

 

1992 జనవరిలో హవానాలో నాటి ప్రత్యర్థులు ఒకచోట కూర్చున్నారు. సీఐఏ పదివేల లోపేనని అంచనా వేసిన సోవియట్ బలగం నిజానికి 42,000 దాకా ఉందని సోవియట్ జనరల్ గ్రిబ్‌కోవ్ బయటపెట్టాడు. క్యూబాలోని స్వల్పశ్రేణి లూనా రాకెట్లు 1962లోనే ఫొటోలకు చిక్కాయి. వాటికి అణు వార్‌హెడ్లు కూడా దిగాయని నాటి రక్షణ మంత్రి మెక్‌నమారా అక్కడే మొదటిసారి విని నివ్వెరపోయాడు. సైన్యాధిపతులు కోరిన దండయాత్రకు ఆయన శాఖ అప్పట్లో 1,80,000 మందిని సిద్ధం చేసి ఉంచింది.