40 అంటే ఎక్కువా, తక్కువా?

మన పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియాలో కొన్ని జన్యువులు మరికొన్నింటి పనిని నియంత్రిస్తాయి. ఈ అజమాయిషీని బిందువులు, బాణాలతో గీస్తే ఒక నెట్‌వర్క్ తయారవుతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో యూరి అలోన్ బృందం 2002లో పరిశీలించిన పటంలో 424 బిందువులు, 519 బాణాలు ఉన్నాయి. అందులో ఒక చిన్న ఆకృతి 40 చోట్ల కనిపించింది: ‘క’ అనే జన్యువు ‘చ’ను నియంత్రిస్తుంది, ఆ రెండూ కలిసి ‘ట’ను నియంత్రిస్తాయి. దీని పేరు ఫీడ్ ఫార్వర్డ్ లూప్. మూడు బిందువుల మధ్య బాణాలు మొత్తం 16 రకాలుగా అమరగలవు. మూడూ కలిసి ఉండేవి వాటిలో 13. ఏ రకం ఎన్నిసార్లు ఉందో ‘ఆర్’ ప్రోగ్రామింగ్ భాషలోని ఐగ్రాఫ్ వంటి సాఫ్ట్‌వేర్ ఇట్టే లెక్కపెడుతుంది. అయితే 40 ఎక్కువో తక్కువో ఆ లెక్కలో ఉండదు. అది దేనితో పోల్చామన్న దాన్నిబట్టి తేలుతుంది.

బాణాలను ఇష్టమొచ్చినట్టు చల్లిన నెట్‌వర్క్‌తో పోలిస్తే మోసపోతాం. అసలు పటంలో కొద్ది జన్యువుల నుంచే చాలా బాణాలు బయలుదేరతాయి. ఆ ఒక్క కారణం చేతనే కొన్ని ఆకృతులు పెరుగుతాయి. అందుకే ప్రతి బిందువుకూ వచ్చే బాణాలు, పోయే బాణాలు అన్నే ఉంచి, కొసలను మాత్రం తారుమారు చేసి ఎన్నో నమూనాలు తీస్తారు. వాటిలో ఈ లూప్ సగటున 7 సార్లే వచ్చింది, అటూ ఇటూగా 3. అప్పుడుగానీ 40 పెద్ద సంఖ్య అనలేం.

దీనికీ గట్టి అభ్యంతరం ఉంది. దగ్గరి బిందువులే ఎక్కువగా కలిసే నెట్‌వర్క్‌లలో, ప్రకృతి ఎంపిక ఏమీ లేకపోయినా ఇలాంటి ఆకృతులు అధికంగా కనిపిస్తాయని 2004లో ‘సైన్స్’ పత్రికలో కొందరు పరిశోధకులు చూపారు. అది న్యాయమైన మాటే. అయితే దానివల్ల కొట్టుకుపోయేది లెక్కింపు కాదు, ఎక్కువగా ఉంది కాబట్టి ప్రకృతే ఎంచుకుందనే తొందరపాటు తీర్మానం. నెట్‌వర్క్ ఎలా ఏర్పడిందో దానికి తగిన పోలికను ఎంచుకోవాలని అది చెబుతోంది. ఆకృతి ఏం చేస్తుందో తేల్చేది ప్రయోగమే. 2003లో అలోన్ బృందం కొలిచినప్పుడు, గ్లూకోజ్ కొరత సంకేతం అందాక, ఈ లూప్ నియంత్రణలో ఉండి అరబినోజ్ చక్కెరను వాడుకునే జన్యువులు సుమారు 20 నిమిషాలు ఆలస్యంగా పని మొదలుపెట్టాయి. సంకేతం ఆగగానే మాత్రం ఆలస్యం లేకుండా ఆగాయి. ఈ లూప్ లేని లాక్టోజ్ వ్యవస్థలో ఆ జాప్యం లేదు. క్షణికమైన సంకేతానికి కణం వృథాగా ప్రొటీన్లు తయారుచేయకుండా ఈ అమరిక ఆపగలదు. ఇక్కడా నమ్మకం పోలిక నుంచే పుట్టింది. కాబట్టి లెక్కను ప్రకటించేవారు దేనితో పోల్చారో, ఎందుకు దాన్నే ఎంచుకున్నారో కూడా చెప్పి తీరాలి.