ఒక్కడు పోతే పనిముట్టు ఆగిపోతదా?

ఇంజనీరింగ్ చదివే మా ఊరి తమ్ముడొకడు మొన్న ఫోన్ చేసిండు. "అన్నా, గిట్ నేర్చుకుంటున్న. కమిట్ కొడితే ఏందో నల్ల తెర వచ్చింది. ఏం టైపు చేసినా ఎక్కుతలేదు, బయటికి పోనిస్తలేదు" అన్నడు. నాకు నవ్వొచ్చింది. పదిహేనేండ్ల కింద నేను కూడా అట్లనే ఇరుక్కున్న. ఏం చెయ్యాల్నో తోచక ప్లగ్గు పీకి కంప్యూటర్ బందు చేసిన. "ఎస్కేప్ నొక్కు. తర్వాత కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం గుర్తు కొట్టి ఎంటర్ నొక్కు" అని చెప్పిన. కమిట్ అయితే కాలేదు గానీ పోరడు బయటపడ్డడు. "అన్నా, గిదెవరు చేసిన్రు? దీన్ని ఇంకా ఎవరన్న వాడుతున్నరా?" అని అడిగిండు.

ఫోన్‌ల సగమే చెప్పిన. మిగతాది ఇక్కడ రాస్తున్న. ఎందుకంటే ఆ పోరడు అడిగింది చిన్న ప్రశ్న కాదు.

దాని పేరు విమ్. కోడ్ రాసుకునే ఎడిటర్. దీన్ల కీబోర్డుకు రెండు వేషాలు ఉంటయి. ఒక వేషంల అక్షరం కొడితే అక్షరమే పడ్తది. ఇంకో వేషంల ప్రతి అక్షరం ఒక ఆర్డర్. 'డి' రెండుసార్లు కొడితే లైను మొత్తం లేచిపోతది, 'యు' కొడితే మళ్లొస్తది. మౌసుతో పనే లేదు. దీని తాత 'వీఐ'ని 1976ల అమెరికాల బర్క్‌లీ యూనివర్సిటీల బిల్ జాయ్ అనే విద్యార్థి రాసిండు. అప్పట్ల ఫోన్ లైను మీద మోడెమ్ నత్తనడక నడుస్తుండె. అందుకే తక్కువ అక్షరాలతోని ఎక్కువ పని అయ్యేటట్టు కట్టిండు. ఇయ్యాల మన ఊర్లల్ల సిగ్నల్ రెండు గీతలే ఉన్నప్పుడు ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ మీద ఫైలు సరిచేయాలంటే ఆ పొదుపు ఏందో తెలుస్తది. నేను దీనికి అలవాటు పడ్డది అట్లనే.

విమ్‌ను రాసింది బ్రామ్ మూలెనార్, నెదర్లాండ్స్ దేశపాయన. ఆయన దగ్గర అమిగా అనే కంప్యూటర్ ఉండె. దాని మీద మంచి వీఐ దొరకలేదని తనే చేసుకున్నడు. 1991ల అందరికీ ఇచ్చిండు. అప్పట్ల ఇంటర్నెట్ ఎక్కడిది? ఫ్రెడ్ ఫిష్ అనే ఆయన పంచే ఫ్లాపీల మీద, 591వ నంబరు ఫ్లాపీల వచ్చింది. తర్వాత యునిక్స్, లినక్స్, విండోస్, మ్యాక్ అన్నిటికీ పాకింది. విండోస్ మీద గిట్ ఎక్కించుకుంటే వెంట విమ్ కూడా వస్తది. మా తమ్ముడు ఇరుక్కున్నది అందుకే.

దీనికి పైసలు లేవు. కాకపోతే మొదట్ల తెర మీద ఒక మాట కనిపిస్తది: ఉగాండాల పేద పిల్లలకు సాయం చేయమని. మూలెనార్ 1994ల దక్షిణ ఉగాండాలోని కిబాలె అనే ఊర్ల ఏడాది పాటు నీళ్లు, పారిశుధ్యం పనుల మీద వాలంటీరుగ చేసిండు. ఎయిడ్స్‌తోని తల్లిదండ్రులు పోయిన పిల్లలను చూసిండు. తిరిగొచ్చి వాళ్ల చదువు కోసం ఐసీసీఎఫ్ హాలండ్ అనే సంస్థ నడిపిండు. విమ్ మీద ప్రేమ ఉన్నోళ్లను అక్కడికి పంపమని అడిగిండు. ఆయన ఉన్నప్పుడు చందా ఇచ్చినోళ్లు తర్వాత ఏ ఫీచర్ రావాల్నో ఓటు కూడా వేసేటోళ్లు. 2006 నుంచి ఆయన గూగుల్‌ల ఏండ్లకేండ్లు కొలువు చేసిండు, కానీ విమ్‌ను మాత్రం ఎవరికీ అమ్ముకోలేదు.

ఇంత మంచి కథల ఒక లోపం ఉన్నది. బయటోళ్లు ఎంతమంది ప్యాచులు పంపినా, దాదాపు ప్రతి ఒక్కటీ ఆయన చేతి మీదుగనే లోపలికి పోవాలె. ముప్పై ఏండ్లు అట్లనే నడిచింది.

మన చెరువుల కాడ నీరటి ఉంటడు. ఏ తూము ఎన్ని జానలు ఎత్తాలె, ఏ కాల్వకు ముందు నీళ్లు పోవాలె, కట్ట ఏడ బలహీనంగ ఉన్నది – అన్నీ ఆయన తలకాయలనే ఉంటయి. మంచోడైతే ఊరు నిశ్చింతగ ఉంటది. ఆ నిశ్చింతనే కొంప ముంచుతది. ఎందుకంటే ఇంకెవరూ నేర్చుకోరు.

2023 ఆగస్టు 3న మూలెనార్ పోయిండు. 62 ఏండ్లు. కొన్ని వారాలల్లనే జబ్బు ముదిరిందని ఇంటోళ్లు చెప్పిన్రు. అప్పుడు లోకం మీద విమ్ వాడేటోళ్లందరికీ ఒకటే గుబులు: ఇగ దీన్ని ఎవరు చూస్తరు?

ఏండ్ల నుంచి ప్యాచులు పంపుతున్న క్రిస్టియన్ బ్రాబాండ్ట్ ముందటికొచ్చిండు. పాతకాపులు ఇంకొందరు తోడు నిలిచిన్రు. 2024 జనవరి 2న విమ్ 9.1 వచ్చింది, దాన్ని మూలెనార్‌కే అంకితం చేసిన్రు. ఐదు నెలలు కాకముందే కొత్త వెర్షన్ అన్నట్టు. కోడ్ అందరి ముందట ఉన్నది, మార్చే హక్కు లైసెన్సులనే ఉన్నది, పని తెలిసినోళ్లు బయట ఉన్నరు. ఈ మూడిట్ల ఏ ఒక్కటి లేకున్నా కథ వేరే ఉండేది.

నిజానికి ఒక్క చేతి తాళం మీద కొట్లాట అంతకు ముందే అయింది. 2014ల థియాగో డి అరుడా అనే బ్రెజిల్ ప్రోగ్రామర్ పెద్ద మార్పు ఒకటి రాసి పంపితే విమ్‌ల తీసుకోలేదు. ఆయన అలిగి కూసోలే. కోడ్ కాపీ చేసుకొని నియోవిమ్ మొదలుపెట్టిండు. అన్నదమ్ములు ఏరు పడ్డట్టు చాలామంది బాధపడ్డరు. కానీ 2016ల విమ్ 8 వచ్చేసరికి వెనుక పనులు ఆగకుండ నడిపే ఏర్పాటు అందులనూ వచ్చింది. ఏరుపడ్డ తమ్ముని చూసి అన్న ఇల్లు బాగు చేసుకున్నట్టు. నన్నడిగితే ఆ చీలిక విమ్‌కు మేలే చేసింది. ఒకటి ఆగినా ఇంకొకటి ఉన్నదనే భరోసా వాడేటోళ్లకు దొరికింది.

"వెనుక పెద్ద కంపెనీ ఉంటే ఈ తిప్పలుండవు గద" అంటరు. ఆటమ్ సంగతి చూడున్రి. అది గిట్‌హబ్ కంపెనీ చేసిన ఎడిటర్. 2018ల గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. మైక్రోసాఫ్ట్‌కు అప్పటికే వీఎస్ కోడ్ ఉన్నది. ఒకే ఇంట్ల రెండెందుకు అనుకున్నరో ఏమో, 2022 డిసెంబర్ 15న ఆటమ్‌ను మూసేసిన్రు. పైసలు లేక కాదు. కోడ్ బయట ఉన్నది కాబట్టి కొందరు పల్సర్ అనే పేరుతోని దాన్ని ఇంకా నడుపుతున్నరు. కంపెనీకి లెక్క కుదరకపోతే పనిముట్టు పోతది. మనిషికి పానం పోతే పనిముట్టు పోతది. రెండు దిక్కులా గండమే.

ఇంకో మాట చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే అయితది. పక్కకు ఎవరినన్న తీసుకుంటే అయిపాయె అనుకోవద్దు. ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ టూల్ లినక్స్‌లల్ల అంతటా ఉంటది. దాన్ని ఒక్కడే చూసుకుంటూ అలసిపోయిండు. జియా తాన్ అనే పేరుతోని ఎవరో వచ్చి, రెండేండ్లకు పైగ బుద్ధిమంతుని లెక్క పనిచేసి, నమ్మకం సంపాయించి, తాళంచెవి చేతికొచ్చినంక దొంగ దారి పెట్టిన్రు. 2024 మార్చిల ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు సర్వర్ లాగిన్ అర సెకను లేటైతున్నదని అనుమానమొచ్చి తవ్వితే బయటపడ్డది. అర సెకను! ఇంకొకరైతే నెట్ స్లో ఉన్నదనుకొని ఊకుంటుండె. అలసిపోయిన మనిషి చుట్టూ నలుగురు తెలిసినోళ్లు ఉంటే ఆ దొంగకు అంత తేలిక అయ్యేది కాదని నా అనుమానం.

ఇప్పుడు కొత్త గాలి వీస్తున్నది. ఏఐ కలిపిన ఎడిటర్లు వచ్చినయి, కోడ్ అవే రాస్తున్నయి. విమ్ పనైపోయిందని కొందరంటరు. నాకైతే అట్ల అనిపిస్తలేదు. వీఎస్ కోడ్‌ల కూడా విమ్ కీలు వాడుకునే ఎక్స్‌టెన్షన్లు ఉన్నయి. యాభై ఏండ్ల కిందటి ఆ అలవాటు కొత్త ఇండ్లల్ల కూడా కాపురముంటున్నది. అసలు భయం ఏఐ కాదు. తప్పులు సరిచేసుకుంట, వచ్చిన ప్యాచులు చదువుకుంట కూసునే మనుషులు దొరుకుతరా అన్నదే. ఆ పనికి జీతం ఉండదు, పేరు కూడా తక్కువే.

ఈ వ్యాసం సగం రాసినంక నాకు నా సంగతి యాదికొచ్చింది. ఉపాధి హామీ కూలీల దినాలు, పడ్డ పైసలు సరిచూసేటందుకు నేనొక చిన్న స్క్రిప్టు రాసిన. నాలుగేండ్ల నుంచి నా లాప్‌టాప్‌లనే ఉన్నది. పాస్‌వర్డ్ నాకు తప్ప ఇంకెవరికీ తెల్వది. ఏ లైను ఎందుకు రాసిన్నో యాడా రాసి పెట్టలేదు. నీరటిని నేనే అయి కూసున్న.

పక్కూర్ల డిగ్రీ చదివే చెల్లెను పోయిన ఆదివారం పిలిచి మొత్తం అప్పజెప్పిన. పాస్‌వర్డ్ కాయితం మీద రాసి ఇచ్చిన. పొద్దుగూకక ముందే ఆమె ఫోన్ చేసింది. "అన్నా, మీరు ఫిబ్రవరికి ముప్పై దినాలు లెక్కేసిన్రు" అన్నది.