క్యూలో చిక్కిన మాట

తడ పక్కన, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న శ్రీసిటీ నుంచి చెన్నై సుమారు 55 కిలోమీటర్లు. 2013లో మొదలైన ట్రిపుల్ ఐటీతో పాటు, ఇసుజు వంటి జపాన్ సంస్థల కర్మాగారాలూ ఇక్కడ ఉన్నాయి. హాస్టల్లో ఆన్‌లైన్ పాఠం వినే విద్యార్థికైనా, టోక్యోతో మాట్లాడే ఇంజినీరుకైనా మాట తెగకూడదు. తెగితే మనం దూరాన్నో, తక్కువ స్పీడునో తిట్టుకుంటాం. చాలాసార్లు అసలు దోషి రౌటర్‌లోని క్యూ.

దూరానిది పెద్ద పాపం కాదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి సింగపూర్‌కు 2002లో వేసిన సముద్రగర్భ కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. అది దాటడానికి 16 మిల్లీసెకన్లు చాలు. సంభాషణ సహజంగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూచన.

మరి మిగతా ఆలస్యం ఎక్కడిది? మాటను అంకెలుగా మార్చే మామూలు టెలిఫోన్ కోడెక్‌లో 20 మిల్లీసెకన్ల మాట 160 బైట్లవుతుంది. చిరునామా వగైరా కలిపితే 200 బైట్ల ప్యాకెట్. సెకనుకు ఇవి 50, అంటే 80 కిలోబిట్లే. పక్క గదిలో ఎవరో సినిమా డౌన్‌లోడ్ పెట్టారనుకుందాం. 1500 బైట్ల ప్యాకెట్లు 100 ముందు నిలబడితే, 10 మెగాబిట్ల లైనులో మన చిన్న ప్యాకెట్ 120 మిల్లీసెకన్లు ఆగాలి. అనుమతించిన 150లో అక్కడే దాదాపు అంతా ఖర్చు! రౌటర్‌కు మెమరీ పెంచితే క్యూ ఇంకా పొడుగవుతుంది, అంతే.

రికార్డు చేసిన పాఠానికి ఈ బాధ తక్కువ. కొన్ని సెకన్ల ముక్కలుగా, పలు నాణ్యతల్లో సిద్ధంగా ఉన్న వీడియోను ప్లేయర్ ముందే కొంత తెచ్చి పెట్టుకుంటుంది, లైను సన్నబడితే తక్కువ నాణ్యతకు దిగుతుంది. ప్రత్యక్ష సంభాషణకు ఆ వెసులుబాటు లేదు.

అందుకే 1998లో ‘డిఫ్‌సర్వ్’ పద్ధతి వచ్చింది. ప్రతి ప్యాకెట్ నుదుట 6 బిట్ల గుర్తు పెడతారు, మాటకు సాధారణంగా 46. రౌటర్ దాన్ని చూసి ముందు పంపుతుంది. తిరుమలలో 300 రూపాయల దర్శనానికి వేరే లైను ఉన్నా గర్భాలయ ద్వారం వెడల్పు కాదు కదా! ప్రాధాన్యం అంటే సామర్థ్యం పెరగడం కాదు, ఎవరు ఆగాలో నిర్ణయించడం. పైగా ఆ గుర్తుకు విలువ సొంత నెట్‌వర్క్ లోపలే. బయటి ఇంటర్నెట్‌లో దాన్ని గౌరవిస్తారన్న భరోసా లేదు. డబ్బిచ్చిన కంపెనీ ప్యాకెట్‌కు బహిరంగ ఇంటర్నెట్‌లో పెద్దపీట వేయడం నాకు సమ్మతం కాదు. క్యాంపస్‌లో మాటకు ముందు చోటివ్వడం మాత్రం న్యాయమే.

గుర్తులతో పని లేని మార్గమూ ఉంది. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ప్రకటించిన ‘కోడెల్’ పద్ధతి క్యూ పొడవును కాదు, ప్యాకెట్ ఎంతసేపు ఆగిందన్నదే చూస్తుంది. నిరీక్షణ 5 మిల్లీసెకన్లు దాటి అలాగే కొనసాగితే కొన్ని ప్యాకెట్లను వదిలేస్తుంది, దాంతో పంపేవారు వేగం తగ్గిస్తారు.

కనుక పెద్ద ప్లాన్ కొనేముందు ఒక పరీక్ష చేయండి. డౌన్‌లోడ్ నడుస్తుండగా పింగ్, అంటే ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం, చూడండి. అంకె ఒక్కసారిగా పెరిగితే, ముందు రౌటర్‌లో క్యూ నిర్వహణ సెట్టింగు ఉందేమో వెతకండి.