‘న్యూటన్’ సినిమా: బస్తర్ అడవిలో ఈవీఎం మీది గుర్తులకు అర్థం ఎవరికి తెలుసు?

దండకారణ్యంలో పాడుబడిన ఒక బడి. అందులో పోలింగ్ కేంద్రం. జాబితాలో ఉన్న ఓటర్లు 76 మంది. అధికారులు ఈవీఎం అమర్చి, సిరా సీసా పక్కన పెట్టుకుని కూర్చుంటారు. గంటలు గడుస్తున్నా ఒక్కరూ రారు.

అమిత్ వి. మసుర్కర్ దర్శకత్వం వహించిన హిందీ సినిమా ‘న్యూటన్’ ఈ ఎదురుచూపు చుట్టూనే తిరుగుతుంది. 2017లో విడుదలైన ఈ చిత్రాన్ని ఆ ఏడాది భారత్ తరఫున ఆస్కార్‌కు పంపారు. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఇందులో కలల సన్నివేశాలు లేవు, మాయలు లేవు. అయినా చూస్తున్నంతసేపూ ఏదో వింత కలలో ఉన్నట్టే ఉంటుంది. ముఖ్యంగా ముగింపు చాలామందిని తికమక పెడుతుంది.

కానీ దర్శకుడు పొడుపుకథలేవీ వేయలేదు. తెరమీద వింతగా కనిపించేవన్నీ బస్తర్‌లో ఉన్నవే. వాటిని ఒక్కొక్కటిగా చూస్తే చిక్కుముడి విడిపోతుంది.

పేరులో ఏముంది?

కథానాయకుడి అసలు పేరు నూతన్ కుమార్. ఆ పేరు నచ్చక తనే ‘న్యూటన్’గా మార్చుకుంటాడు. ఈ పాత్రను రాజ్‌కుమార్ రావ్ పోషించారు. ఎన్నికల శిక్షణ ఇచ్చే అధికారి ఒకచోట అతనికి ఆ పేరు విలువ చెబుతాడు. కొండమీంచి పడేది కోటీశ్వరుడైనా, చాయ్ అమ్మేవాడైనా నేలను తాకే వేగం ఒకటేనని న్యూటన్ రుజువు చేశాడంటాడు. అందరికీ ఒకటే సూత్రం అన్నమాట. అదే అధికారి, నిజాయతీగా ఉన్నానన్న గర్వమే నీ సమస్య అని కూడా హెచ్చరిస్తాడు.

సినిమా అడిగే ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఓటు కూడా అలాంటి సూత్రమే. ఢిల్లీలో ఒక మనిషికి ఒక ఓటు, అడవిలోనూ అంతే. మరి ఆ సూత్రం అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుందా?

గుర్తు ఉంది, అర్థం లేదు

భారత్‌లో ఎన్నికల గుర్తులు 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచీ ఉన్నాయి. అప్పట్లో చదవడం రానివారే ఎక్కువ. పేరు చదవలేకపోయినా బొమ్మ చూసి ఓటు వేయవచ్చన్నది ఆలోచన. ఆ బొమ్మ వెనుక ఎవరున్నారో ఓటరుకు తెలుసన్న నమ్మకం మీదే ఈ ఏర్పాటు నిలబడింది.

సినిమాలో ఆ నమ్మకమే కూలిపోతుంది. విదేశీ పాత్రికేయురాలు వస్తోందని తెలియగానే భద్రతా దళాలు ఊరివాళ్లను పోగుచేసి తీసుకొస్తాయి. పోటీలో ఎవరున్నారో వాళ్లకు తెలియదు. న్యూటన్ హిందీలో వివరించబోతాడు. వాళ్ల భాష గోండి. ఓటు వేస్తే తునికాకుకు సరైన ధర వస్తుందా అన్నది వాళ్ల సందేహం. దానికి అతని దగ్గర జవాబు లేదు. చివరికి దళం అధికారి ఆత్మా సింగ్ (పంకజ్ త్రిపాఠీ) చర్చను తేల్చేస్తాడు. ఇదొక ఆటబొమ్మ, నచ్చిన మీట నొక్కండి అంటాడు. వరుస కదులుతుంది, కెమెరాకు కావలసిన దృశ్యం దొరుకుతుంది.

ఈ సన్నివేశం అతిశయోక్తి అనిపించవచ్చు. అయితే 2014 లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అత్యధికంగా ఓట్లు పడిన నియోజకవర్గాల్లో బస్తర్ ఒకటి. అది నిరసనో, తెలియక నొక్కినదో అంకెలు చెప్పవు. గుర్తుకూ మనిషికీ మధ్య దూరం ఉందన్నది మాత్రం సినిమా కల్పన కాదు.

నియమాన్ని కాపాడిన తుపాకీ

ముగింపులో పోలింగ్ సిబ్బంది తిరిగి వెళుతుండగా ఓటు వేయాలని వచ్చిన నలుగురు గ్రామస్తులు ఎదురవుతారు. గడువు ఇంకా మిగిలే ఉంది. దళం ఒప్పుకోదు. న్యూటన్ తుపాకీ లాక్కుని జవాన్లకే గురిపెట్టి ఆ నలుగురిచేత ఓట్లు వేయిస్తాడు. అయినా తుపాకీ దించడు. మధ్యాహ్నం మూడయ్యేదాకా, అంటే పోలింగ్ సమయం ముగిసేదాకా అలాగే నిలబడతాడు. దించగానే అతన్ని చితకబాదుతారు.

ఇది హీరో విజయమా, పిచ్చితనమా? రెండూ కావచ్చు. ఆత్మా సింగ్ తుపాకీతో ఓటింగ్‌ను తంతుగా మార్చాడు. అదే ఓటింగ్‌ను నిజం చేయడానికి న్యూటన్‌కూ తుపాకీయే దిక్కయింది. అందరికీ ఒకటే అనుకున్న సూత్రం అక్కడ దానంతటది పనిచేయలేదు. సినిమాలోని అసలు చేదు ఇదే.

కాలిన గోడలు, ఇనుప ఖనిజం

దారిలో కాలిపోయిన ఇళ్లు కనిపిస్తాయి. వాటి గురించి సినిమా ఉపన్యాసం ఇవ్వదు. తెలుగువారికి ఆ గోడలు అంత దూరమైనవేమీ కావు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ పల్లెలు వదిలి వచ్చిన వేలాది ఆదివాసీలు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నారు. ఇక్కడ వారిని గుత్తికోయలు అంటున్నాం. మావోయిస్టులపై పోరుకు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

కథ ఆరు నెలలు ముందుకు జరిగినప్పుడు గని దృశ్యం వస్తుంది. అదీ ఊరికే పెట్టినది కాదు. సినిమా తీసిన దల్లీ రాజ్‌హరా, భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఖనిజం ఇచ్చే ఊరు. బస్తర్‌లోని బైలాడీలా ఖనిజమైతే కిరండూల్-కొత్తవలస రైలు మార్గంలో విశాఖకు చేరుతుంది. ఓటు యంత్రం ఒక్కరోజు వచ్చి వెళ్లింది. గని యంత్రం రోజూ పనిచేస్తూనే ఉంది.

గుర్తులు చదవగలిగిన మనిషి

స్థానిక టీచర్ మల్కో (అంజలి పాటిల్) రెండు భాషల మధ్య వారధి. నిరాశావాదివా అని అడిగితే, ఆదివాసీని అని బదులిస్తుంది. బయటివాళ్లు పెట్టే పేర్లలో ఇమడని జీవితం అది. గోండి, తెలుగు ఒకే ద్రావిడ శాఖ భాషలని భాషావేత్తలు చెబుతారు. అయినా మనకూ ఆమెలాంటి దుబాసీ అవసరమే.

చివర్లో మెడకు పట్టీతో ఉన్న న్యూటన్‌ను చూడటానికి మల్కో ఆఫీసుకు వస్తుంది. భోజన విరామానికి ఇంకా ఐదు నిమిషాలుందని అతను ఆగమంటాడు. అతను మారలేదు, వ్యవస్థా మారలేదు. మారిందల్లా ఒక్కటే. మొన్న ఆమె ఊళ్లో ఓటర్ల కోసం అతను ఎదురుచూశాడు. ఇప్పుడు అతని ఆఫీసులో ఆమె ఎదురుచూస్తోంది.