మోకాళ్ళలో గుజ్జు

"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది." ఈ మాట మీ ఇంట్లో కూడా వినే ఉంటారు. మెట్లు ఎక్కేటప్పుడు, గుడిలో కింద కూర్చుని లేచేటప్పుడు పెద్దవాళ్ళు ఈ మాట అంటారు. మామిడిపండులో తొక్కకీ టెంకకీ మధ్య ఉండే మెత్తటిది గుజ్జు. చింతపండు నానబెట్టి పిసికితే వచ్చేదీ గుజ్జే. మోకాలిలో కూడా అలాంటిది ఒకటి ఉంటుందని, అది అరిగితే ఎముకకి ఎముక రాసుకుంటుందని మనవాళ్ళ ఊహ.

ఆ ఊహ పూర్తిగా తప్పు కాదు. నిజానికి మోకాలిలో రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి ఎముకల చివర ఉండే నున్నటి పొర. దాన్ని మృదులాస్థి అంటారు. మీకు కార్టిలేజ్ అనే మాట తెలిసే ఉంటుంది, అదే ఇది. రెండోది ఎముకల మధ్య కోడిగుడ్డు తెల్లసొనలా జారే ద్రవం. ఆ ద్రవాన్ని చిక్కగా ఉంచే పదార్థం పేరు హైలురోనిక్ యాసిడ్. మందుల షాపులో ఈ పేరు చూసే ఉంటారు. ముఖానికి రాసుకునే సీరం మీద ఉంటుంది, కంటి చుక్కల సీసా మీదా ఉంటుంది.

పోయిన ఏడాది ఒక ప్రైవేటు క్లినిక్‌లో మా అవ్వకి దీని గురించి చెప్పారు. ఇంజెక్షన్ వేస్తే గుజ్జు మళ్ళీ పుడుతుందన్నారు. ఖర్చు అవ్వకి వచ్చే రెండు నెలల పింఛను కన్నా ఎక్కువ. అవ్వ డర్బన్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి ఇస్త్రీ బల్ల ముందు నిలబడి పనిచేసింది. ఆమె తాత టోంగాట్ దగ్గర చెరకు నరికాడు. మా ఇంట్లో మోకాళ్ళ నొప్పి కొత్త కాదు, దానికి ఇంత డబ్బు అడగడమే కొత్త.

ఇంటికి వచ్చాక అవ్వ నన్ను అడిగింది. "యాసిడ్ అంటున్నారు. మోకాల్లో యాసిడ్ పోస్తారా? నేనేమన్నా కారు బ్యాటరీనా?"

పేరు చూసి భయపడకండి. ఇది కాల్చే యాసిడ్ కాదు. మన ఒంట్లోనే తయారయ్యే జిగురు. రెండు రకాల చక్కెరలు ఒకదాని తర్వాత ఒకటి వేల సార్లు ముడిపడితే ఈ గొలుసు తయారవుతుంది. (చెరకు చక్కెర వేరు. టీలో వేసుకుంటే ఇది పెరగదు.) ఆ గొలుసు నీటిని బాగా పట్టి ఉంచుతుంది. 70 కిలోల మనిషి ఒంట్లో ఇది సుమారు 15 గ్రాములు ఉంటుంది. అందులో సగం దాకా చర్మంలోనే. రోజూ దాదాపు మూడో వంతు విరిగిపోతుంది, ఒళ్ళు మళ్ళీ కొత్తది చేసుకుంటుంది. అంటే బయటినుంచి తెచ్చి పెట్టింది కూడా ఎక్కువ కాలం నిలవదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

దీన్ని మొదట కనిపెట్టింది కంటిలో. 1934లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు ఆవు కంటిలోని గాజులాంటి గుజ్జు నుంచి దీన్ని వేరు చేశారు. గ్రీకు భాషలో గాజును హయలోస్ అంటారు. పేరు అక్కడినుంచే వచ్చింది. తర్వాత ఎండ్రె బలాజ్ అనే శాస్త్రవేత్త దీన్ని శుభ్రంగా, మందుగా వాడేటట్టు తీసే పద్ధతి కనిపెట్టాడు. ఎక్కడినుంచి తీశాడో తెలుసా? కోడిపుంజు తల మీద ఉండే ఎర్రటి తురాయి నుంచి! మనుషుల కన్నా ముందు పందెపు గుర్రాల కీళ్ళలో వాడి చూశారు. ఇప్పుడు చాలావరకు బాక్టీరియాతో పెద్ద తొట్లలో తయారు చేస్తున్నారు. అయినా కొన్ని మోకాలి ఇంజెక్షన్లు ఇప్పటికీ తురాయి నుంచే వస్తాయి. మీ ఇంట్లో మాంసం ముట్టనివాళ్ళు ఉంటే, కోడిగుడ్డు పడనివాళ్ళు ఉంటే, ఇంజెక్షన్‌కి ముందే ఈ సంగతి డాక్టరును అడగండి.

దీని అసలు గొప్పతనం కంటి ఆపరేషన్‌లో ఉంది. శుక్లం తీసేటప్పుడు కన్ను లోపల చోటు ముడుచుకుపోకుండా డాక్టరు ఒక పారదర్శకమైన జిగురు నింపుతారు. కంటి ముందు అద్దం లోపలి వైపు చాలా సున్నితమైన కణాలు ఉంటాయి. అవి పోతే మళ్ళీ రావు. పనిముట్లు తగలకుండా ఆ జిగురు వాటిని కాపాడుతుంది. పని అయ్యాక దాన్ని బయటికి తీసేస్తారు. నేను అవ్వ పాత కాగితాలు తిరగేశాను. ఆమె శుక్లం ఆపరేషన్ కాగితంలో సోడియం హైలురొనేట్ అని రాసి ఉంది. అది ఈ పదార్థానికే ఇంకో పేరు.

"అవ్వా, నీ కంట్లో ఇది ఎప్పుడో పోశారు," అన్నాను.

"అందుకేనా బాగా కనపడుతోంది? అయితే మోకాల్లో కూడా పోయించు," అంది.

చిక్కు ఇక్కడే ఉంది. కంటిలో మేలు చేసింది మోకాలిలో కూడా చేయాలని లేదు. కీళ్ళవాతం వచ్చినప్పుడు మోకాలి ద్రవం పల్చబడుతుంది, ఆ మాట నిజమే. కానీ బయటినుంచి ఎక్కించిన జిగురును ఒళ్ళు కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో విరిచేస్తుంది. అరిగిన మృదులాస్థిని అది తిరిగి పుట్టించదు. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 169 పరీక్షలను కలిపి చూసిన ఒక పరిశీలనను అచ్చు వేసింది. వాటిలో 21,000 మందికి పైగా పాల్గొన్నారు. నొప్పిని 100 మిల్లీమీటర్ల గీత మీద కొలిచారు. ఉత్త సూదిమందుతో పోల్చిన పెద్ద పరీక్షల్లో ఈ ఇంజెక్షన్ వల్ల తేడా సుమారు 2 మిల్లీమీటర్లు. అంత చిన్న తేడా మనిషికి తెలియదు. అమెరికాలోని ఎముకల డాక్టర్ల సంఘం కూడా మోకాళ్ళ అరుగుదలకి దీన్ని మామూలుగా వాడమని చెప్పడం లేదు. వేయించుకుని హాయిగా ఉందన్నవాళ్ళు నాకూ తెలుసు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఉత్త ఉప్పునీటి సూది వేసినా చాలామందికి కొన్నాళ్ళు నొప్పి తగ్గుతుంది. కానీ గుజ్జు మళ్ళీ పుడుతుందని ఒక ముసలామెకి చెప్పి డబ్బు అడగడం నాకు నచ్చలేదు.

ఇక ముఖం సంగతి. మా పిన్ని కూతురు జోహానెస్‌బర్గ్‌లో ఉంటుంది. చలికాలంలో అక్కడి గాలి ఎండి ఉంటుంది, పెదవులు పగులుతాయి. డర్బన్‌లో ఎప్పుడూ తడి గాలే. అదే సీరం ఇక్కడ బాగుంది, అక్కడ రాస్తే చర్మం బిగుసుకుంది అని చెప్పింది. సీరంలోని పెద్ద గొలుసులు చర్మం లోతుకి దిగవు. పైనే ఉండి తడిని పట్టుకుంటాయి. అందుకే ముఖం కడిగి, తడి ఆరకముందే రాసుకోవాలి. దాని మీద మామూలు క్రీము రాయాలి, లేకపోతే ఆ తడి గాలికి పోతుంది. ముడతలు పోతాయని ఆశ పడకండి.

ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. పెదవులకి ఫిల్లర్ వేయించుకుంటానంది. ఇదీ హైలురోనిక్ యాసిడే. తొందరగా కరిగిపోకుండా గొలుసులను ఒకదానితో ఒకటి కట్టేస్తారు కాబట్టి నెలల తరబడి నిలుస్తుంది. వేసుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, నేను కాదనను. కానీ ఎవరు వేస్తున్నారన్నది చాలా ముఖ్యం. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే ఆ చోట చర్మం చచ్చిపోవచ్చు. అరుదుగా చూపు కూడా పోతుంది. చర్మం తెల్లబడినా, మచ్చలు మచ్చలుగా రంగు మారినా, నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, రేపటిదాకా ఆగకూడదు. దీన్ని కరిగించే మందు ఉంది, దాని పేరు హైలురోనిడేజ్. అది దగ్గర లేనివాళ్ళ చేత ఫిల్లర్ వేయించుకోకండి. దక్షిణాఫ్రికాలో డాక్టరు పేరు హెల్త్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ పట్టికలో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. సూది లేకుండా ఒత్తిడితో ఎక్కించే పెన్నులు అమ్ముతున్నారు. వాటిని వాడవద్దని 2021లో అమెరికా మందుల సంస్థ హెచ్చరించింది.

పెళ్ళికూతురు ఫిల్లర్ పెళ్ళయ్యాక చూస్తానంది. పెదవి వాస్తే ఫోటోలు పాడవుతాయని ఆమె భయం. నేను చెప్పినదానికన్నా ఆ భయమే బాగా పనిచేసింది.

అవ్వ ఇంజెక్షన్ వేయించుకోలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు రెండు వ్యాయామాలు నేర్పింది. కుర్చీలో కూర్చుని కాలు చాపి, పది లెక్కపెట్టి దించాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి. టీవీలో సీరియల్ వచ్చేటప్పుడు అవ్వ ఇవి చేస్తుంది, తెలుగులో లెక్కపెడుతుంది. పెళ్ళినాటికి హాలు మెట్లు కర్ర పట్టుకుని తనే ఎక్కింది. నొప్పి పోలేదు, తగ్గింది. ఇంజెక్షన్ డబ్బు ఇంకా బియ్యం డబ్బాలోనే ఉంది. పై మెట్టు మీద ఆగి, నా వైపు తిరిగి, "గుజ్జు అరిగిపోయిందిరా," అంది.